రెండుసార్లు మిత్రుణ్ని పోగొట్టుకున్నవాడు

బాక్సర్ జో పెండల్టన్ నడుపుతున్న విమానం కూలిపోతోంది. నేలను తాకక ముందే పరలోక దూత జాలిపడి అతడి ప్రాణాన్ని తీసుకుపోతాడు. తీరా లెక్కలు చూస్తే అతడికి 1991 దాకా ఆయుష్షుంది. వెనక్కి పంపుదామంటే ఈలోగా దేహాన్ని దహనం చేసేశారు. ఇక మరొకరి శరీరం వెతకాల్సిందే.

కొత్త ఉద్యోగి తొందరపాటు మీద నడిచే ఈ కథ, 'హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్', 1941లో విడుదలైనప్పుడు విమర్శకులు సంతోషంగా ఆహ్వానించారు. న్యూయార్క్ టైమ్స్‌లో థియోడోర్ స్ట్రాస్ మెచ్చుకున్నారు. ఏడు ఆస్కార్ నామినేషన్లలో రెండు అవార్డులు దక్కాయి. రెండూ రచనకే, మూలకథకూ స్క్రీన్‌ప్లేకూ.

కథ మనవాళ్లకూ కొత్తేమీ కాదు. హిందీలో 'ఝుక్ గయా ఆస్‌మాన్' (1968)గా వచ్చింది. ఆయుష్షు తీరకుండా పైకెళ్లినవాడు ఇంకొకరి ఒంట్లో దిగిరావడం 'యముడికి మొగుడు' (1988) చూసిన తెలుగువారికి తెలిసిందే. అయితే మన కథానాయకుడు యముణ్ని ముప్పుతిప్పలు పెడతాడు. క్లాడ్ రెయిన్స్ పోషించిన జోర్డాన్‌తో అలా కుదరదు. గొంతు పెంచని పై అధికారి ఆయన.

వారెన్ బేటీ 1978లో బాక్సర్‌ను ఫుట్‌బాల్ ఆటగాణ్ని చేసి 'హెవెన్ కెన్ వెయిట్' తీశారు. హ్యారీ సెగాల్ మూల నాటకం పేరదే. (ఇదే పేరుతో 1943లో లూబిచ్ తీసిన చిత్రానికీ దీనికీ సంబంధం లేదు.) తొమ్మిది నామినేషన్లొచ్చినా గెలిచింది కళాదర్శకత్వానికి ఒక్కటే. పాలిన్ కేల్‌కు సినిమా నచ్చలేదు. 2001లో క్రిస్ రాక్ 'డౌన్ టు ఎర్త్'లో నల్లజాతి హాస్యనటుణ్ని తెల్ల కోటీశ్వరుడి ఒంట్లోకి పంపారు. ఆలోచన పదునైనదే కానీ విమర్శకులు పెద్దగా ఆదరించలేదు.

ఈ లెక్కల్లో ఒకటి గమనించదగ్గది. జో మేనేజర్ మాక్స్ కార్కిల్ పాత్రకు 1941లో జేమ్స్ గ్లీసన్, 1978లో జాక్ వార్డెన్ సహాయ నటుడి నామినేషన్ పొందారు. అవార్డు ఇద్దరికీ రాలేదు. నవ్వులు, అదృశ్య దేవదూతలు అంటూ ఎంత రాసుకున్నా సినిమా బరువంతా ఆ పాత్ర మీదే ఉంది. కొత్త దేహంలో ఉన్న జోను కార్కిల్ గుర్తుపట్టేది అతడు వాయించే అపస్వరాల శాక్సఫోన్ విని. చివరికి జో మర్డాక్ అనే బాక్సర్ శరీరంలో చేరి గెలుస్తాడు. గెలిచాక జోర్డాన్ అతడి పాత జ్ఞాపకాలు తుడిచేస్తాడు. తెర మీద మనకు కనిపించేది మాత్రం అదే రాబర్ట్ మాంట్‌గొమరీ ముఖం. అందుకే ఆ మరపు ప్రేక్షకుడికి ఇంకాస్త గుచ్చుకుంటుంది.

డ్రెసింగ్ రూమ్‌లో కార్కిల్ అతణ్ని జో అని పిలుస్తాడు. మర్డాక్‌కు ఆ పేరెవరిదో తెలియదు.