గోల్ పడకపోతే కోచ్‌నే తిట్టాలా?

మధురానగర్ హాస్టల్ గదుల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఆ కడుపుమంట తెలుసు. 2021-22లో ఐఎస్ఎల్ కప్పు కొట్టిన జట్టు అది. ఆ సీజన్‌లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ వేశాడు. 2023-24లో? 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, జట్టు మొత్తం కలిపి 10 గోల్స్! ‘ఈ కోచ్‌కి అటాక్ చేయించడమే రాదు’ అని మీరూ తిట్టే ఉంటారు. నేనూ తిట్టాను. కానీ జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే, మిగిలిన కుర్రాళ్లతో తంగ్‌బోయ్ సింగ్తో ఏం అటాక్ చేయిస్తారు చెప్పండి?

రేపు మీ చేతికి ఆఫర్ లెటర్ వస్తుంది. ప్యాకేజీ చూసి మురిసిపోయేముందు అక్కడ పనిచేసే సీనియర్ ఎవరికైనా ఫోన్ చేయండి. పోయిన మూడు నెలల జీతం ఏ తేదీన పడిందో అడగండి.