ట్యాంకు ఎంపికలో తప్పు చేస్తే ప్రాణాలకే ముప్పు.. గండిమైసమ్మ చుట్టూ రసాయనాల నిల్వ ఎంత భద్రం?

గండిమైసమ్మ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే చాలు.. సీన్ అర్థమైపోతుంది. ఒకవైపు కాలేజీ బస్సులు, మరోవైపు కొత్త అపార్ట్‌మెంట్లకు ఇసుక లారీలు. వాటి మధ్యలోంచే రసాయనాల ట్యాంకర్లు. జీడిమెట్ల, బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడలు ఇక్కడికి పెద్ద దూరమేం కాదు. మరి ఆ ట్యాంకర్లు ఖాళీ అయ్యే చోట యాసిడ్, సాల్వెంట్ నింపే ట్యాంకు సరైనదేనా? ఇన్నాళ్లూ ఇది ఫ్యాక్టరీ గేటు లోపలి ప్రశ్న. ఇళ్లు గేటు దాకా వచ్చేశాక, ఇప్పుడు అందరి ప్రశ్న.

విశాఖ నేర్పిన పాఠం
2020 మే 7 తెల్లవారుజాము. విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి పాకింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ట్యాంకు పేలలేదు, పగల్లేదు. మరి ఏమైంది?

స్టైరీన్ చల్లగా ఉన్నంతసేపే బుద్ధిగా ఉంటుంది. వేడెక్కితే దానికదే గట్టిపడుతూ ఇంకా వేడి పుట్టిస్తుంది. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది ఇదీ: కూలింగ్ వ్యవస్థను రాత్రిళ్లు ఆపేశారు. రసాయనం గట్టిపడకుండా కలపాల్సిన టీబీసీ సరిపడా లేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. కింద చల్లగా చూపిస్తుంటే పైన మరిగిపోతోంది. సైరన్ కూడా మోగలేదు. 1984లో భోపాల్‌లోనూ అంతే. గ్యాస్ లీకైన 610 నంబర్ ట్యాంకు కూలింగ్‌ను నెలల ముందే ఆపేశారు.

ఏ రసాయనానికి ఏ ట్యాంకు?
స్టీలు గట్టిది కదా, ఏదైనా ఆగుతుంది అనుకుంటే పొరపాటే. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను మామూలు ఉక్కు ట్యాంకు తట్టుకుంటుంది. అదే యాసిడ్‌లో నీళ్లు కలిసి పల్చబడితే ఆ ఉక్కునే తినేస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు కూడా పనికిరాదు. లోపల రబ్బరు పూత ఉన్న ట్యాంకో, ఎఫ్ఆర్‌పీ, హెచ్‌డీపీఈ లాంటి ప్లాస్టిక్ ట్యాంకో కావాలి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించి, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. మండే సాల్వెంట్లకేమో స్టీలు ట్యాంకు, దానికి ఎర్తింగ్, గాలి గొట్టానికి మంటను అడ్డుకునే పరికరం ఉండాల్సిందే.

చిన్న యూనిట్లలో జరిగే ఇంకో ప్రమాదకరమైన పొదుపు.. మిద్దె మీద పెట్టే నీళ్ల ట్యాంకులోనే యాసిడ్ నింపడం. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నీటికంటే దాదాపు 1.8 రెట్లు బరువు. వెయ్యి లీటర్ల నీటికి చేసిన ట్యాంకు మీద 1,800 కిలోలకు పైగా భారం. చూడ్డానికి అదే ట్యాంకు, మోసేది మాత్రం రెట్టింపుకు దగ్గర.

ట్యాంకు ఒక్కటే సరిపోదు
లీకైతే ఆపడానికి చుట్టూ గోడ ఉండాలి. ఆ గోడ లోపల అన్నింటికంటే పెద్ద ట్యాంకులో పట్టే దానికంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టాలన్నది పరిశ్రమల్లో పాటించే లెక్క. యాసిడ్, బ్లీచింగ్ ద్రావణం ఒకే గోడ లోపల ఉండకూడదు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ విషవాయువు.

రూల్స్ ఉన్నాయి.. మరి లోపం ఎక్కడ?
ప్రమాదకర రసాయనాల నిల్వపై 1989 నుంచే కేంద్ర నిబంధనలున్నాయి. ప్రమాదం జరిగితే ఎవరికి ముప్పో, ఆ చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలని కూడా అందులో ఉంది. అయితే వాటిలో కీలకమైనవి ఒక పరిమాణం దాటిన నిల్వలకే వర్తిస్తాయి. ప్రాణాలు తీయడానికి అంత పరిమాణం అక్కర్లేదు. 2023 నవంబర్‌లో హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయన డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. అది ఫ్యాక్టరీ కూడా కాదు.

కాలుష్య పరిశ్రమలను ఓఆర్ఆర్ బయటికి పంపాలన్న మాట ఎప్పట్నుంచో ఉంది. కానీ అడ్రస్ మారినంత మాత్రాన ట్యాంకు మారదు. తక్కువ కొటేషన్ చూసి కొన్న ట్యాంకు ఎక్కడున్నా అదే ట్యాంకు.

అందుకే అడగాల్సిన ప్రశ్నలు చిన్నవే. లోపల ఏముంది? ఆ రసాయనానికే చేసిన ట్యాంకా? గోడ మందం చివరిసారి ఎప్పుడు కొలిచారు? కరెంటు పోతే కూలింగ్ సంగతేంటి? సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో చుట్టుపక్కల వాళ్లకు తెలుసా? వెంకటాపురం జనానికి ఆ రాత్రి చివరి ప్రశ్నకు జవాబు తెలియదు. గండిమైసమ్మ చుట్టుపక్కల వాళ్లకైనా ముందే తెలియాలి.