థర్మోకోల్ కోటలో దొరకని చరిత్ర

2020 జాతీయ విద్యావిధానం బట్టీ చదువును నిరసించి, అనుభవపూర్వక విద్యను కీర్తించింది. మంచిదే. కానీ 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల అధ్యాయాన్ని ఎత్తివేసింది. గాంధీ హత్యానంతరం ఆర్‌ఎస్‌ఎస్‌పై విధించిన నిషేధపు ప్రస్తావన రాజనీతిశాస్త్ర పుస్తకం నుంచి మాయమైంది. పిల్లల భారం తగ్గించడమట! ఇక విద్యార్థులు థర్మోకోల్‌తో ఎర్రకోట కట్టవచ్చు, రంగులద్ది బహుమతులూ పొందవచ్చు. దాన్ని కట్టించిన షాజహాన్ కొలువు ఎలా నడిచిందో తెలియనక్కరలేదు.

అదే పిల్లలను గ్రంథాలయానికి పంపి, 1948 ఫిబ్రవరి నాటి దినపత్రికలు తిరగేసి గోడపత్రిక తయారుచేయమనండి. ఫిబ్రవరి 4న వెలువడిన నిషేధం వార్త వారి కంటపడుతుంది. చెరిపేసిన వాక్యాన్ని వారే పూరించుకుంటారు. అటువంటి ప్రాజెక్టు అప్పగించిన ఉపాధ్యాయునికి సంజాయిషీ నోటీసు రాదని ముందుగా హామీ ఇచ్చి, ఆ తరువాత పాలకులు అనుభవపూర్వక విద్య గురించి మాట్లాడవచ్చు.