నిదానమే ప్రధానం

"నిదానం" అంటే మన వాడుకలో నెమ్మది. సంస్కృతంలో ఆ మాటకు మూలకారణమని అర్థం; వైద్యులకు అది రోగనిర్ణయం. మాధవకరుడు రోగలక్షణాలను వింగడించి రాసిన గ్రంథం మాధవనిదానమని ప్రసిద్ధి కెక్కింది అందువల్లనే. ఈ అర్థాలన్నీ ఒక్క మాటలో ఎందుకు కాపురం చేస్తున్నాయో, తెలుగు పండితుడిగా పనిచేసిన మూడు దశాబ్దాలలో నేను ఏనాడూ ఆలోచించలేదు. పదవీ విరమణ తరువాత నా పాత మోటారు సైకిలు ఆలోచింపజేసింది.

అది 2004లో కొన్న బండి. నూరు సీసీల నాలుగు స్ట్రోకుల ఇంజను. 2022లో దానికి ఆయిలు తగ్గిపోవడం మొదలైంది. కొత్త ఆయిలు పోయించిన నెలకే డిప్‌స్టిక్కు కొన తడవడం మానేసింది. దగ్గరలోని షెడ్డుకు తీసుకుపోతే అక్కడి కుర్రవాడు ఒకసారి కిక్కు కొట్టి, రెండుసార్లు ఆక్సిలరేటరు తిప్పి, సైలెన్సరు వంక చూసి, "బండి ఆయిలు తాగేస్తోంది మాస్టారూ. బోరు పోయింది" అన్నాడు. అర నిమిషంలో తీర్పు వెలువడింది. నేను సరేనన్నాను. ఇంజను దించారు. బ్లాకును లేతుకు పంపి బోరు చేయించారు. కొత్త పిస్టను, కొత్త రింగులు వేశారు. నాలుగున్నర వేలు అయింది. నెల తిరిగేసరికి, ఉదయం బండి తీయగానే మళ్లీ అదే నీలిపొగ!

ఆ కుర్రవాణ్ణి నిందించడానికి ఇది రాయడం లేదు. తప్పులో నా వాటా అతని వాటా కంటె పెద్దదని చెప్పడానికి రాస్తున్నాను. అది ఎలాగో తెలియాలంటే ముందు ఈ రోగం సంగతి కొంత తెలియాలి.

తరగతిలో సమాసాలు చెప్పేటప్పుడు నేను పిల్లలను ఒక విషయంలో తరచు మందలించేవాణ్ణి. చాలామంది ముందు సమాసం పేరు రాసేసి, ఆ పేరుకు సరిపోయేటట్టు విగ్రహవాక్యం అల్లుతారు. "పీతాంబరము" అన్నచోట పచ్చని వస్త్రమైతే కర్మధారయం. పచ్చని వస్త్రము కలవాడైతే బహువ్రీహి. కంటికి కనబడే పదాలు అవే. విగ్రహం విప్పి సందర్భం చూసిన తరువాతనే పేరు పెట్టాలి. ఇన్నేళ్లు పిల్లలకు ఇది చెప్పిన నేను, నా బండికి విగ్రహం చెప్పకముందే పేరు పెడితే తల ఊపి డబ్బు కట్టాను.

పొగ మాట వచ్చింది కాబట్టి తర్కశాస్త్రం కూడా గుర్తుకు రాక తప్పదు. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నట్టు ఊహించడం అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతివాడికీ తెలిసిన ఉదాహరణ. అయితే దాన్ని తలకిందులు చేయరాదని కూడా ఆ శాస్త్రమే చెబుతుంది. ఎర్రగా కాగిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ పుట్టాలంటే తడి కట్టె తోడు కావాలి. దాన్నే ఉపాధి అన్నారు. ఇంజను విషయమూ అంతే. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నదని అనుకోవచ్చు. పొగ లేదు కాబట్టి ఆయిలు కాలడం లేదనడం మాత్రం పొరపాటు. కొద్దికొద్దిగా కాలే ఆయిలు కంటికి ఆనకుండానే పోతుంది. మా వీధికి పాలు పోసే ఆయన ఈ పొరపాటే చేశాడు. పొగ లేదు గదా అని ఆయిలు చూడడం మానేశాడు. ఒకనాడు తెల్లవారుజామున, రెండు క్యాన్లతో వస్తుండగా, ఇంజను పట్టేసి వెనుక చక్రం బిగుసుకుపోయింది. మనిషికి ప్రమాదం తప్పింది. బండి మాత్రం ఇరవై రోజులు షెడ్డులో ఉంది. ఆ ఇరవై రోజులూ అతడు సైకిలు మీద పాలు పోశాడు.

నా బండిని రెండవసారి ఒక పెద్ద మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయాను. ఆయన స్పానరు ముట్టుకోలేదు. "ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గుతోందండీ?" అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. "కొలిచి రండి మాస్టారూ" అని పంపేశాడు. అక్కడి నుంచి నా చదువు మొదలైంది.

ఆయిలు కొలవడంలోనే సగం మంది తప్పుతారు. బండిని పక్క స్టాండు మీద వంచి చూస్తే వచ్చే కొలత అబద్ధం. సమతలం మీద నడిమి స్టాండు వేసి, ఇంజనును కొద్ది నిమిషాలు నడిపి ఆపి, ఆయిలు కిందికి దిగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్కును తుడిచి చూడాలి. దాన్ని మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి ఉంటుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఆ మాట రాసి ఉంటుంది. తగ్గినది నింపేటప్పుడు మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు వాడి, కిలోమీటర్లతో సహా నోటు పుస్తకంలో రాసుకోవాలి. నా బండి వెయ్యి కిలోమీటర్లకు 250 మిల్లీలీటర్లు తాగుతున్నట్టు తేలింది. మొత్తం లీటరైనా పట్టని ఇంజనుకు అది చిన్న సంఖ్య కాదు. నింపేటప్పుడు పై గీత దాటించడమూ తప్పే. ఎక్కువైన ఆయిలు బ్రీదరు గొట్టం గుండా ఎయిరు ఫిల్టరు పెట్టెలోకి చేరి, అక్కడి నుంచి లోపలికి పోయి తానే పొగ పుట్టిస్తుంది. ఇక మట్టం తగ్గకపోగా పెరుగుతూ, ఆయిలు పెట్రోలు వాసన కొడుతుంటే, కార్బురేటరు నుంచి పెట్రోలు ఇంజనులోకి దిగుతున్నదేమో చూడాలి. అటువంటి ఆయిలు పలచబడి ఇంజనును లోలోపల తినేస్తుంది.

రెండవ ప్రశ్న: ఆయిలు కాలుతున్నదా, కారుతున్నదా? ఇంజనును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, అనుమానం ఉన్న అతుకుల మీద చాకుపీసు పొడి చల్లమన్నాడు మేస్త్రీ. జీవితమంతా చాకుపీసు పొడి మింగిన నాకు దానికి ఇంకో ఉపయోగం ఉందని అరవై దాటాక తెలిసింది! పది కిలోమీటర్లు తిరిగి వచ్చి చూస్తే, గేరు రాడ్డు మొదట్లో పొడి తడిసి ముద్దగా ఉంది. అక్కడి ఆయిల్ సీలు పోయింది. డ్రెయిను బోల్టు వాషరు, క్లచ్చు కవరు గ్యాస్కెట్టు, చైను పళ్లచక్రం వెనుక సీలు కూడా ఇలాగే చూడవలసిన చోట్లు. సీలు మార్చాక మళ్లీ కొలిస్తే వెయ్యికి 180కి దిగింది. అంటే ఒక రోగం కాదు, రెండు ఉన్నాయన్నమాట.

మూడవది పొగ. దాని రంగు ఎంత ముఖ్యమో, అది వచ్చే వేళ అంత ముఖ్యం. నల్లపొగ పెట్రోలు ఎక్కువై సరిగా కాలనందువల్ల. చలికాలపు ఉదయం కాసేపు కనబడి మాయమయ్యే తెల్లనిది ఆవిరి. నీలిది ఆయిలు. ఉదయం బండి తీయగానే కొంత నీలిపొగ వచ్చి, తరువాత ఆగిపోతే వాల్వు సీళ్లను అనుమానించాలి. రాత్రంతా హెడ్డులోని ఆయిలు అరిగిన సీలు దాటి, చుక్క చుక్కగా దిగి ఉంటుంది. బండి వేడెక్కిన తరువాత కూడా, ఆక్సిలరేటరు తిప్పి లాగించినంతసేపూ పొగ వస్తే, రింగులు, బోరు వైపు చూడాలి. ఇంకొక పరీక్ష వాలు మీద. ఆక్సిలరేటరు పూర్తిగా మూసి గేరులో దిగి, కింద ఒక్కసారి తిప్పితే పొగ గుప్పున వస్తే, అదీ చాలామట్టుకు వాల్వు సీళ్ల వైపే వేలు చూపుతుంది. ఆక్సిలరేటరు మూసినప్పుడు ఇన్లెట్ వైపు ఏర్పడే శూన్యం ఆయిలును లోపలికి పీలుస్తుంది. మా డెల్టాలో కొండలు లేవు. రైలు కట్ట మీది వంతెనే మాకు పర్వతం. వెనుక మా పెద్దవాణ్ణి స్కూటరు మీద రమ్మని ఆ పర్వతం దిగాను. "నాన్నగారూ, ధూమం ఉంది!" అని అరిచాడు.

నాలుగవది ప్లగ్గు, కంప్రెషను. ప్లగ్గు మొన పొడిమసి పట్టి ఉంటే పెట్రోలు దోషం. తడిగా, నిగనిగలాడే నలుపైతే ఆయిలు. ఆక్సిలరేటరు పూర్తిగా తెరిచి, గేజి పెట్టి, ముల్లు ఇక పెరగనంతవరకు కిక్కు కొట్టి చూడాలి. తరువాత ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. తక్కువగా ఉన్న అంకె ఇప్పుడు బాగా పెరిగితే లోపం రింగులలోనో బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదనో, హెడ్డు గ్యాస్కెట్టు పోయిందనో అనుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాల్వు సీళ్లకు కంప్రెషనుతో సంబంధం లేదు. అవి పూర్తిగా పోయినా గేజి బాగున్నదనే చెబుతుంది. అలాగే ఆయిలును గీకే అడుగు రింగు మసి పట్టి బిగుసుకున్నా, పై రింగులు బాగుంటే అంకె చెక్కుచెదరదు. కనుక ఏ ఒక్క సాక్ష్యాన్నీ వేదవాక్యంగా తీసుకోరాదు. నాలుగు సాక్ష్యాలూ ఒక్క మాట చెప్పినప్పుడే స్పానరు పట్టాలి.

నా బండి విషయంలో నాలుగూ వాల్వు సీళ్లనే చూపాయి. హెడ్డు దించి, గైడులో వాల్వు ఊగుతున్నదేమో చూసి, లేదని తేల్చుకుని, రెండు సీళ్లు మార్చాడు మేస్త్రీ. గైడు అరిగి ఉంటే కొత్త సీలు కూడా త్వరలోనే పాడయ్యేది. సామాను, కూలి కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. "పాత పిస్టను, బోరు అప్పుడు కొలిచారా మాస్టారూ?" అని అడిగాడాయన. కొలవలేదు. పిస్టను పాత ఇనుములో కలిసిపోయింది. కనుక నా బండికి నిజంగా బోరు అవసరమయిందో లేదో ఇక ఎన్నటికీ తెలియదు. బోరు చేసిన ప్రతిసారీ బ్లాకు లోపల కొంత లోహం పోతుంది. ఆ పైన పెద్ద పిస్టను వేయాలి. పావు మిల్లీమీటరు చొప్పున కొన్ని మెట్లే ఉంటాయి. అవి అయిపోతే కొత్త స్లీవో, కొత్త బ్లాకో తప్పదు. నా అర నిమిషపు తీర్పు నా బండి ఆయుర్దాయంలో ఒక మెట్టు తినేసింది.

ఇప్పుడు నా అసలు అభిప్రాయం. ఆ పెద్ద మేస్త్రీ నా బండి మీద మూడు సాయంత్రాలు వెచ్చించాడు. కూలి అడిగింది మాత్రం సీళ్లు మార్చిన గంటన్నరకే. మొదటి కుర్రవాడు అర నిమిషం చూసి, ఊడదీసి బిగించినందుకు పద్దెనిమిది వందల కూలి తీసుకున్నాడు. ఈ లెక్కలో తెలివైనవాడు ఎవరు? వైద్యుడు నాడి చూసి "మందు అక్కరలేదు" అని పంపినా రుసుము ఇచ్చి దండం పెడతాం. మెకానిక్కు "ఏమీ విప్పనక్కరలేదు" అంటే జేబులో చెయ్యి పెట్టం, "చూసినందుకు కూడా డబ్బులా?" అంటాం. విప్పితేనే కూలి ఇస్తామని మనం శాసనం చేసుకుని, అతడు విప్పుతున్నాడని వాపోవడం ఏం న్యాయం? నిదానానికి వెల కట్టని చోట నిదానం పుట్టదు.

"ఇంత తతంగమెందుకు? అమ్మేసి కొత్తది కొనరాదా?" అన్నారు మిత్రులు. పింఛను వచ్చే నాకు అది సాధ్యమే. పాలు పోసేవాడికి, కూరలు అమ్మేవాడికి పాత బండే పొలం, పాత బండే ఎద్దు. అనవసరంగా పెట్టించిన నాలుగున్నర వేలు ఆ ఇంట్లో ఒక నెల బియ్యం, ఒక పిల్ల ఫీజు. చిక్కని ఆయిలు పోసి పొగ తగ్గించుకోమనే సలహా కూడా వింటుంటాం. అది జ్వరం తగ్గిందని చెప్పడానికి ధర్మామీటరును చల్లనీళ్లలో ముంచడం వంటిది.

2024లో నా బండికి రిజిస్ట్రేషను మరో అయిదేళ్లకు పొడిగించారు. ఇప్పుడు వెయ్యి కిలోమీటర్లకు ముప్పై నలభై మిల్లీలీటర్లు తగ్గుతుంది. ఈ వయస్సులో ఆ మాత్రం దానికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. నెలకొకసారి ఆ మేస్త్రీ దగ్గరకు వెళ్లి, బండి చూపించి, ఏమీ విప్పకపోయినా వంద రూపాయలు ఇచ్చి వస్తాను. మొదట్లో పుచ్చుకోవడానికి సిగ్గుపడ్డాడు. "చూసినందుకే ఇస్తున్నాను, ఉంచండి" అన్నాను. ఇప్పుడు ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. వచ్చిన ప్రతి బండికీ కిలోమీటర్లు, మిల్లీలీటర్లు రాస్తున్నాడు. అక్షరాలు ముత్యాల్లా లేవు. అయినా నేను దిద్దలేదు.