పండుగకు గడువు కట్టిన ఆట



ధనుర్మాసం వచ్చిందంటే మన గోదావరి ప్రాంతపు ఇళ్ళలో రెండు వంటగదులు పనిచేస్తూ ఉంటాయి. ఒకటి పెరటివైపు వంటగది. అక్కడ కొత్త బియ్యం నానుతుంటాయి, బెల్లం పాకానికి వస్తుంటుంది. రెండవది ఫోనులోని వంటగది. అక్కడ పైకప్పు మీద మంచు కురుస్తుంది, కిటికీలకు రంగుదీపాలు వెలుగుతాయి, టోపీ పెట్టుకున్న కస్టమర్లు కేకుల కోసం వరుసగా నిలబడతారు. తెర పైభాగాన ఒక చిన్న గడియారం ఉంటుంది: "ఇంకా నాలుగు రోజుల ఆరు గంటలు మాత్రమే." నేటి నా వ్యాసం ఆ గడియారం గురించి.

హోటలు నడిపే ఆటలు కొత్తవి కావు. కంప్యూటరు మీద వచ్చిన 'డైనర్ డాష్' వీటికి దారి వేసింది. ఉద్యోగం విసిగించి హోటలు పెట్టుకున్న ఒక యువతి బల్లల మధ్య పరుగెత్తుతూ వడ్డించడమే ఆ ఆట. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన 'కేఫ్ వరల్డ్' ఆటను నిజమైన కాలానికి ముడివేసింది. పొయ్యి మీద పెట్టిన వంట ఉడకడానికి నిజంగానే గంటలు పట్టేది. ఆ వేళకు వచ్చి దింపకపోతే చెడిపోయేది. 2014లో లిథువేనియాకు చెందిన నార్డ్‌కరెంట్ సంస్థ 'కుకింగ్ ఫీవర్'ను విడుదల చేసింది. అదే ఏడాది మన పొరుగు రాష్ట్రంలోని ఉడుపి నుంచి 99గేమ్స్ సంస్థ 'స్టార్ చెఫ్'ను తెచ్చింది. హోటళ్ళకు పేరుపడిన ఊరి నుంచి ఊహల హోటలు కూడా పుట్టడం ముచ్చటైన విషయమే.

ఈ తరహా ఆటలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. కనుక ఆడేవారు రోజూ తిరిగి రావడమే వాటికి జీవనాధారం. అందుకోసం పండుగ పండుగకూ కొత్త సరుకు దించుతారు. అక్టోబరు చివర హాలోవీన్ గుమ్మడికాయలు, డిసెంబరులో క్రిస్మస్, ఆ వెనుకనే చైనీయుల నూతన సంవత్సరం, ఫిబ్రవరిలో ప్రేమికుల దినం, తరువాత ఈస్టరు. ప్రతి పండుగకూ ప్రత్యేక వంటకం, ప్రత్యేక అలంకారం, కొన్నాళ్ళ గడువు ఉంటాయి. గడువులోగా నిర్ణీత సంఖ్యలో నాణేలు కూడబెట్టినవారికే బహుమతి.

వీటిని పిల్లలే ఆడతారనుకుంటే పొరపాటు. బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, పెద్ద పెంకుటింట్లో ఒక్కరే మిగిలిన గృహిణులు కూడా మధ్యాహ్నం పూట ఈ ఆట ఆడుతుంటారు. జీవితమంతా పదిమందికి వండి వడ్డించిన చేతులవి. తినేవారు లేని ఇంట్లో ఆ చేతులు తెర మీద వడ్డిస్తున్నాయంటే నాకు నవ్వు రాదు. వారిని ఎగతాళి చేయవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. ఒక అరగంట ఆట మనస్సుకు విశ్రాంతినిస్తే వైద్యునిగా నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ఆట మీద కాదు, పండుగ మీద అంతకన్నా కాదు. పండుగకు గడువు కట్టడం మీద.

గడువు మనస్సును ఎలా పట్టుకుంటుందో చూడండి. లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం ఇచ్చే బాధ మనిషికి ఎక్కువగా తోస్తుందని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ప్రతిపాదించారు. "ఆడితే వస్తుంది" అన్న మాటకు లొంగనివారు "ఆడకపోతే పోతుంది" అన్న మాటకు లొంగుతారు. సగం నిండిన గీతను చూపి "ఇంకొంచెం ఆడితే పూర్తవుతుంది" అనిపించడం దానికి తోడు. ఆట ముచ్చట తీరి చాలాసేపయినా చేతులు ఆగవు. అప్పటికి మనిషి సంతోషం కోసం ఆడటం లేదు, నష్టం తప్పించుకోవడం కోసం ఆడుతున్నాడు. ఆట పనిగా మారిన ఆ క్షణాన్ని గుర్తించడమే ఈ విషయంలో మొదటి ఆరోగ్య సూత్రం.

"మన పండుగలకూ గడువు లేదా? మన ఋతువులూ ఆగవు కదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత పుట్టింది మన గడ్డ మీదే. దొరికేది కొద్దికాలమే అన్న ఆలోచన మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో ఆ సామెత చెప్పినంత బాగా ఏ గ్రంథమూ చెప్పలేదు. కానీ తేడా గమనించండి. సముద్రంలోని ఇలస వరద కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరి ఎర్రనీటికి ఎదురీది వస్తేనే మనకు పులస దొరుకుతుంది. వరద తీస్తే చేప ఉండదు. ఆ కొరత ప్రకృతిది, దానిని ఎవరూ కల్పించలేదు. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు, కొత్త ధాన్యం ఇంటికి వచ్చాక అరిసెలు, అన్నీ అంతే. ఫోనులోని క్రిస్మస్ కేకు అటువంటిది కాదు. అది ఎన్నటికీ అయిపోదు, పాడవదు. మీట నొక్కి దాచేస్తారు, మీట నొక్కి చూపిస్తారు. ఆ కొరత కేవలం మీ ఆతురత కోసం తయారైనది.

గడువు లేకుండా పండుగలు పెట్టడం సాధ్యం కాదా అంటే, సాధ్యమే. అమెరికాలోని ఫ్లిప్‌లైన్ స్టూడియోస్ 2013లో తెచ్చిన 'పాపాస్ కప్‌కేకరియా' ఆటలో కూడా పండుగలు ఉన్నాయి, పండుగకో ప్రత్యేక దినుసు ఉంది. అయితే అవి గోడమీది క్యాలెండరును బట్టి రావు. ఆడేవారు ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే ఒక్కొక్క పండుగ వస్తుంది. పది రోజులు మానివేసి వచ్చినా మీ పండుగ మీ కోసం ఆగి ఉంటుంది. మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. ముచ్చట అదే, రంగులు అవే, గడియారం మాత్రం లేదు. కాబట్టి గడియారం ఆటకు అవసరమైనది కాదు, వ్యాపారానికి అవసరమైనది అని నా అభిప్రాయం.

ఇక శరీరం సంగతి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రివేళ తెర వెలుగు నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోనును ఆలస్యం చేస్తుంది. దాని మీద "ఇంకా రెండు గంటలే" అన్న ఆతురత కూడా చేరితే నిద్ర మరింత దూరమవుతుంది. అర్ధరాత్రి దాటేదాకా ఊహల హోటలు నడిపిన పిల్లవాడిని తెల్లవారకముందే భోగిమంట దగ్గరకు లేపి చూడండి. చిరాకు, తలనొప్పి, ఆకలి లేకపోవడం కనిపిస్తాయి. పండుగ మూడు రోజులూ అదే తీరు సాగితే బడి తెరిచిన వారం కూడా దాని ఫలితమే.

తెరను కన్నార్పకుండా చూడటం వల్ల కళ్ళు పొడిబారి మంట పెడతాయి. ఆరుబయట గడిపే సమయం తగ్గిన పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం పెరుగుతుంది. గంటల తరబడి తెరను నొక్కే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి రావచ్చు. స్నాయువు తొడుగు వాచి వచ్చే ఇటువంటి బాధను 1895లోనే డి కెర్వెన్ అనే స్విస్ శస్త్రవైద్యుడు వర్ణించాడు. పచ్చడి నూరే చేతికీ, పసిబిడ్డను ఎత్తే చేతికీ వచ్చే ఆ నొప్పి ఇప్పుడు ఫోను పట్టిన చేతికీ వస్తోంది.

అయితే భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండవ వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని లక్షణాలు మూడు. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, హాని కనిపిస్తున్నా మానలేకపోవడం. ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగి, చదువునో కాపురాన్నో ఉద్యోగాన్నో దెబ్బతీస్తేనే రుగ్మత అనాలి. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువగా ఆడిన పిల్లవాడికి 'వ్యసనపరుడు' అని పేరు పెట్టకండి. ఆ పేరు ఆటకన్నా ఎక్కువ హాని చేస్తుంది. నిజంగా ఆ లక్షణాలే కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇటువంటి సమస్యల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. సంక్రాంతికి కోడిపందేలు చూసే మన జిల్లాల వారికి పందెం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. బరిలో డబ్బు పోయినవాడికి పోయిందని ఆ నిమిషమే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025లో చట్టం చేసింది. హోటలు ఆటలలో పందెం లేదు, కనుక వీటిని ఆ గాటన కట్టలేము. కానీ గడువు దగ్గరపడే కొద్దీ వజ్రాలు కొనమని అడుగుతాయి. పదుల రూపాయలలో, వందల రూపాయలలో ఖర్చు పోతుంది. కొన్నది డబ్బుగా తిరిగి రాదు. ఒక్కొక్కటి చిన్న మొత్తమే కాబట్టి పోయిందన్న స్పృహ కూడా కలగదు.

ఇంతకన్నా లోతైన తేడా మరొకటి ఉంది. అది తృప్తి. అరిసె చేయడం మీకు తెలియనిది కాదు. నానిన బియ్యాన్ని తడి పిండి కొట్టి, జల్లించి, పాకం నీళ్ళలో వేస్తే ఉండకట్టే దాకా కాచి, పిండి కలిపి, నువ్వులద్ది, నూనెలో వేసి, చెక్కల మధ్య నొక్కి తీస్తారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పాకం చూడాలి, ఒకరు తట్టాలి, ఒకరు నొక్కాలి. అంతా అయ్యాక రెండు అరిసెలు తింటే కడుపు "చాలు" అంటుంది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది గాని, చేరుతుంది. ఫోనులో వెయ్యి కేకులు వడ్డించినా "చాలు" అనే కబురు ఎక్కడి నుంచీ రాదు. ఒక పండుగ ముగియకముందే తరువాతి పండుగ ప్రకటన వస్తుంది.

అందుకని మీకు నా సూచనలు నాలుగు. మొదటిది, ఆ ఆటల నుంచి వచ్చే నోటిఫికేషన్లను ఆపివేయండి. పిలుపు ఆగితే ఆతురత సగం తగ్గుతుంది. రెండవది, ఫోనులో కొనుగోలుకు రహస్య సంఖ్య తప్పనిసరి చేయండి, ఆ సంఖ్య పెద్దల దగ్గరే ఉండనివ్వండి. మూడవది, రాత్రి పడుకునే గంట ముందు ఇంట్లోని ఫోనులన్నీ ఒకచోట పెట్టండి. 'అన్నీ' అంటే పెద్దలవి కూడా. నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లల చేతిలో ఫోను లాక్కోకండి, ఆ చేతికి పని ఇవ్వండి. నువ్వులు అద్దనివ్వండి, చెక్క నొక్కనివ్వండి, కాగిన నూనెకు మాత్రం దూరంగా ఉంచండి. హోటలు నడపాలని ముచ్చటపడే పిల్లవాడు ఇంటికి వచ్చిన చుట్టాలకు ఎన్ని ఇడ్లీలు కావాలో అడిగి వడ్డిస్తే, ఆ ఆటలో దొరకని మెప్పు అతనికి దొరుకుతుంది. ఒంటరిగా ఉన్న పెద్దవారి విషయంలో చేయవలసినది ఇంకా సులువు. వారి చేతి వంట తినడానికి వెళ్ళండి.

ఆటలు తయారుచేసేవారికి నా విన్నపం ఒక్కటే. పండుగలు పెట్టండి, వీలైతే అరిసెలూ పూతరేకులూ పెట్టండి, మా పిల్లలు సంతోషిస్తారు. పిల్లలు ఆడే ఆటలలో మాత్రం గడువు తీసివేయండి. ఈ ఏడు తప్పినవారికి వచ్చే ఏడైనా ఆ బహుమతి దొరికేలా చేయండి. ఆడేవారు తగ్గుతారని భయపడితే, వారు వస్తున్నది ముచ్చటతో కాదని మీరే ఒప్పుకున్నట్లవుతుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు మన పెద్దలు. తిరిగినవారు, వండినవారు, వడ్డించినవారు, దున్నిన ఎద్దులు కూడా ఆ రోజు ఆగాలని ఏర్పాటు చేసుకున్నారు. పండుగలోనే విశ్రాంతిని కలిపిన ఆ ఏర్పాటు ఎంతో ఆరోగ్యకరమైనది. ఈ సంక్రాంతికి ఫోనులోని హోటలుకు కూడా కనుమ సెలవు ప్రకటించండి. ఆ రోజు పిల్లలను జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్ళండి, లేదా కాలవగట్టు మీద ఊరికే నడిపించండి. ఆ ఒక్కరోజులో ఫోనులో ఏ బహుమతి పోయినా, మీ ఆరోగ్యానికి వచ్చే లోటు లేదని ఒక వైద్యునిగా హామీ ఇస్తున్నాను.