సంతకానికి సాక్ష్యమేది?

ప్రముఖుల సంతకాలను వేలంలో కొనువారు ధ్రువపత్రం చూచి తృప్తి పడుట సరికాదని మా అభిప్రాయం. 1990ల చివర అమెరికాలో ఎఫ్.బి.ఐ. జరిపిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’ దర్యాప్తులో మదర్ థెరీసా పేర దొంగ సంతకం పెట్టిన బేస్‌బాల్ బంతి సైతం దొరికింది! సంతకాలతోపాటు ధ్రువపత్రాలు కూడ నకిలీవే.

మోసం తలపెట్టనిచోట సైతం భ్రమ కలుగవచ్చు. బీటిల్స్ గాయకుల సంతకాలను వారి సహాయకులు, అధ్యక్షుడు కెనెడీ సంతకాన్ని ఆటోపెన్ అనే యంత్రం చేసిన సందర్భాలున్నవి.

నకలు వ్రాయు చేయి మెల్లగా సాగి వణకుతుంది. ఒకే వ్యక్తి చేసిన రెండు సంతకాలు అచ్చముగా ఒకటి కావు. అయినచో యంత్రాన్ని అనుమానించవలె. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో తెలుపు చరిత్ర.

ఇట్టి మోసంలో కొన్నవారి ధనమే కాదు, మహనీయుల పేరు కూడ దొంగిలింపబడుచున్నది. కావున విద్యార్థులారా, ముద్రను నమ్ముటకు ముందు ఆధారమును అడుగుడు.