చాలీచాలని ఆదాయం, కిరాణా కొనుగోళ్లు: వ్యవసాయ పరిశోధనకు కొన్ని సూచనలు

ఒక వంగడాన్ని విడుదల చేయడానికి ముందు దిగుబడి, పంటకాలం, చీడపీడలను తట్టుకొనే శక్తి, మిల్లులో నిండు గింజ శాతం వంటి గుణాలను మనం ఎన్నో ఏళ్లపాటు పరీక్షిస్తాం. ఆ గింజను చివరకు కొని వండుకొనే కుటుంబం, ముఖ్యంగా నెలాఖరుకు చేతిలో డబ్బు మిగలని కుటుంబం, దానిని ఏ లెక్కతో కొంటుందన్న ప్రశ్న మాత్రం మన పరిశోధన సలహా సమావేశాలలో అరుదుగా వినిపిస్తుంది. అది ఆర్థిక శాస్త్రవేత్తలు చూసుకోవలసిన విషయమని చాలాకాలం నేనూ భావించాను. ఆ భావన సరికాదు. పేద కుటుంబపు సరుకుల లెక్క మన పరిశోధన ప్రాధాన్యాలను నిర్ణయించే అంశాలలో ఒకటి కావాలి.

కోత ఎక్కడ మొదలవుతుంది?

ఆదాయం తగ్గేకొద్దీ ఖర్చులో ఆహారం వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఏంగెల్ 1857లోనే ప్రతిపాదించాడు. మన దేశంలో 2022-23లో జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల సగటు వ్యయంలో ఆహారం వాటా సుమారు 46 శాతం, పట్టణాలలో 39 శాతం. గ్రామీణ వ్యయంలో తిండిగింజల వాటా 5 శాతం లోపే ఉండగా పానీయాలు, తయారు చేసిన తినుబండారాల వాటా 9 శాతం దాటింది. ఇవి అన్ని ఆదాయ వర్గాలకూ కలిపిన సగటులు. వీటిని చూసి తిండిగింజల సమస్య తీరిపోయిందని భావించడం పొరపాటు.

డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు మన ఇళ్లలో జరిగే సర్దుబాటుకు ఒక క్రమం కనిపిస్తుంది. మొదట పండ్లు, పాలు తగ్గుతాయి. తరువాత వేరుశనగ నూనె స్థానంలో పామాయిల్ వస్తుంది. ఆపైన ముద్దపప్పు పప్పుచారవుతుంది, పప్పుచారు వట్టి చారవుతుంది. కందిపప్పులో ఒకటో రకం కొనేవారు రెండో రకానికి, పప్పు ముక్కకు దిగుతారు. చిట్టచివరగా మాత్రమే బియ్యం జోలికి వస్తారు. అప్పుడు కూడా పరిమాణం తగ్గించరు, రకం తగ్గిస్తారు. కడుపు నింపే శక్తిని అతి తక్కువ ధరకు ఇచ్చేది బియ్యమే కనుక ఈ క్రమంలో అవివేకం ఏమీ లేదు.

ఈ విషయానికి బలమైన ఆధారం చైనా నుంచి లభించింది. రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో హునాన్ రాష్ట్రంలోని పట్టణ పేద కుటుంబాలకు బియ్యంపై రాయితీ ఇచ్చినప్పుడు వారి బియ్యం వినియోగం తగ్గింది. మిగిలిన డబ్బుతో వారు ఇతర ఆహారం కొనుక్కున్నారు. రాయితీ తొలగించగానే బియ్యం వాడకం మళ్లీ పెరిగింది. పేదవాడు బియ్యం ఎక్కువ తినడానికి అలవాటు ఒక్కటే కారణం కాదనీ, మిగిలినవి కొనే శక్తి లేకపోవడం కూడా ముఖ్య కారణమనీ దీనివల్ల తెలుస్తుంది. ‘పప్పులు ఎక్కువగా తినండి’ అని విస్తరణ సమావేశాలలో మనం చేసే బోధన ఎందుకు నిష్ఫలమవుతున్నదో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

అంగడి లెక్క

నెలజీతం అందుకొనే కుటుంబం నెల సరుకులు ఒకేసారి తెచ్చుకుంటుంది. దినకూలీ కుటుంబం కూలి అందిన సాయంత్రం పావుకిలో పప్పు, చిన్న ప్యాకెట్ నూనె కొంటుంది. చిన్న మొత్తాలలో కొనేవారికి కిలో ధర సాధారణంగా ఎక్కువే పడుతుంది. అయినా వారు వీధి చివరి కిరాణా దుకాణానికే వెళ్తారు. అక్కడ ఖాతా ఉంటుంది, విడి సరుకు దొరుకుతుంది, బస్సు చార్జీ ఉండదు. దుకాణదారు కూడా ఏ రకం త్వరగా అమ్ముడవుతుందో ఆ రకాన్నే నిలవ ఉంచుతాడు. ఆ విధంగా పేద కుటుంబపు బడ్జెట్టు దుకాణానికీ, దుకాణం మిల్లుకూ, మిల్లు రైతుకూ ఏ గింజ కావాలో చెబుతున్నది.

పన్ను విధానం కూడా ఈ గొలుసును మారుస్తుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండిపై 5 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చింది. విడిగా తూచి అమ్మే సరుకుకు, 25 కిలోలు మించిన బస్తాకు అది వర్తించదు. మన అంగళ్లలో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. బస్తా మొత్తం ఒకేసారి కొనగలిగినవారు పన్ను తప్పించుకోగలరు. చిన్న ప్యాకెట్ కొనేవారు పన్ను కట్టాలి, లేదా లేబుల్ లేని విడి సరుకుతో సరిపెట్టుకోవాలి. నాణ్యతకు భరోసా కావాలంటే ఎక్కువ చెల్లించక తప్పని స్థితి ఇది.

గృహిణి చూసే మరొక గుణం ఒదుగు, అంటే వండినప్పుడు అన్నం ఎంత పెరుగుతుందన్నది. కొత్త బియ్యం కంటే పాత బియ్యానికి ఎక్కువ ధర పలకడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆమె లెక్క కిలోకు ఎన్ని రూపాయలన్నది కాదు, పూటకు ఎన్ని రూపాయలన్నది. మన నాణ్యత ప్రయోగశాలలు అన్నం పెరిగే నిష్పత్తినీ, నీటిని పీల్చే గుణాన్నీ, అమైలోజ్ శాతాన్నీ కొలుస్తూనే ఉన్నాయి. ఆ అంకెలు వార్షిక నివేదికలలో ఉండిపోతున్నాయి. విస్తరణ కరపత్రాలలోకి రావడం లేదు.

బియ్యానికి భరోసా, పప్పుకు లేదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఆకలిని తగ్గించడంలో చేసిన మేలు కాదనలేనిది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల తిండిగింజలు అందాలి. 2023 జనవరి నుంచి వీటిని ఉచితంగా ఇస్తున్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలోని 2000 కిలోకేలరీల నమూనా భోజనంలో రోజుకు 250 గ్రాముల తిండిగింజలు, 85 గ్రాముల పప్పులు, మాంసాహారం ఉన్నాయి. ఆ 85 గ్రాములనూ పప్పులుగానే లెక్కిస్తే నలుగురున్న కుటుంబానికి నెలకు 30 కిలోల తిండిగింజలు, సుమారు 10 కిలోల పప్పులు కావాలి. చట్టం 20 కిలోల తిండిగింజలకు హామీ ఇస్తున్నది. పప్పులకు అటువంటి హామీ లేదు.

ధరల వైపు నుంచి చూద్దాం. 2025-26లో ఏ గ్రేడ్ వరి మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, కందులది 8,000 రూపాయలు. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం వస్తే ముడిసరుకు ఖర్చు కిలో బియ్యానికి సుమారు 36 రూపాయలు. క్వింటాలు కందులకు 72 కిలోల పప్పు వస్తే కిలో పప్పుకు 111 రూపాయలు. మరపట్టే ఖర్చు, రవాణా, వ్యాపారుల లాభం దీనికి అదనం. మద్దతు ధర పెంచితే రైతుకు ఊరట కలుగుతుంది, కాని పేద కుటుంబం పప్పుకు మరింత దూరమవుతుంది. దిగుమతులతో ధర దించితే రైతు నష్టపోతాడు. 2023 డిసెంబరులో పసుపు బఠాణీ దిగుమతులకు సుంకం మినహాయించినప్పుడు శనగ రైతులలో కలిగిన ఆందోళన ఇటువంటిదే. ఈ ఇరకాటం నుంచి ఇద్దరినీ బయటపడవేసే మార్గాలలో పరిశోధన చేతిలో ఉన్నది ఒక్కటే: కిలో పప్పు ఉత్పత్తికి అయ్యే ఖర్చును తగ్గించడం. పప్పు రికవరీ 72 నుంచి 76 శాతానికి పెరిగినా అదే మద్దతు ధర వద్ద కిలోకు దాదాపు 6 రూపాయలు తగ్గుతుంది.

రేషన్ బియ్యం విషయంలోనూ మనకొక పాఠం ఉంది. దొడ్డు బియ్యాన్ని తక్కువ ధరకు అమ్మివేసి, అదనపు డబ్బు వేసి సన్న బియ్యం కొనుక్కునే కుటుంబాలు అందరికీ తెలిసినవే. పేదలకు రుచి, ఇష్టం ఉండవన్న మన ఊహ తప్పని అది చెబుతున్నది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుంచి రేషన్ కార్డులపై ఒక్కొక్కరికి 6 కిలోల సన్న బియ్యం ఇవ్వడం, సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించడం ఈ దృష్టితో సమంజసమైన నిర్ణయాలు. అయితే వాటి బరువు సాగుపై పడుతుంది. బీపీటీ 5204 రుచిలో మేటి అయినా పంటకాలం దాదాపు 150 రోజులు. ఎండాకు తెగులుకు, అగ్గి తెగులుకు లోనవుతుంది. 2008లో వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఎండాకు తెగులును తట్టుకొంటుంది. 2015లో వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 సుమారు 125 రోజులలో కోతకు వస్తూ అగ్గి తెగులును తట్టుకొంటుంది. తినేవారి ఇష్టాన్నీ, పండించేవారి కష్టాన్నీ కలిపి ఆలోచించిన పరిశోధనకు ఇవి ఉదాహరణలు. ఇటువంటి కృషి పప్పుధాన్యాలలోనూ ఇదే స్థాయిలో జరగకపోతే, బోనస్ ఆకర్షణతో వరి విస్తీర్ణం పెరిగి పప్పు మరింత ప్రియమయ్యే ప్రమాదం ఉంది.

చేయవలసిన పనులు

మొదటిది, బహుళ ప్రాంత పరీక్షలలో వరికి ఒదుగునూ, కంది, మినుము, శనగలకు పప్పు రికవరీ, ఉడికే సమయాన్నీ దిగుబడితో సమానంగా పరిగణించాలి. గంటసేపు ఉడకవలసిన పప్పు ధర తక్కువైనా వంటగ్యాసు ఖర్చు కలిపితే చవక కాదు.

రెండవది, వరి మాగాణులలో మినుము, పెసర సాగులో పల్లాకు తెగులును తట్టుకొనే రకాలకు, పొలం గట్లపై కంది వంటి తక్కువ ఖర్చు పద్ధతులకు ప్రాధాన్యమివ్వాలి. కందులు అమ్మి అదే ఊరి దుకాణంలో పప్పు కొనుక్కునే రైతు కుటుంబాలు అనేకం. రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, మహిళా సంఘాల ద్వారా చిన్న పప్పు మిల్లులను గ్రామాలలోనే నెలకొల్పితే రవాణా, దళారీ ఖర్చు తగ్గుతుంది.

మూడవది విద్యార్థులకు సంబంధించినది. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థి రైతు వేసిన ఎరువుల మోతాదును వివరంగా నమోదు చేస్తాడు. అదే ఊరి కిరాణా దుకాణంలో నెల మొదటి వారంలో ఏ పప్పు ఎంత అమ్ముడవుతుంది, చివరి వారంలో ఎంత, ఏ పరిమాణంలో, ఎంత అప్పుపై అన్నది అడగడు. దుకాణదారు అనుమతితో, కొనుగోలుదారుల పేర్లు లేకుండా, ఈ వివరాలు సేకరించడాన్ని కార్యక్రమంలో ఒక భాగంగా చేర్చాలి. దీనికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. కొన్నేళ్లపాటు కొనసాగితే మన రాష్ట్రాల పల్లెలు ఏమి తింటున్నాయో, ఎప్పుడు మానుకుంటున్నాయో తెలిపే విలువైన సమాచారం విశ్వవిద్యాలయం చేతికి వస్తుంది.

ఈ మూడింటిలో రాబోయే విద్యా సంవత్సరంలోనే ప్రారంభించదగినది మూడవది. కనీసం ఒక్క కళాశాల ముందుకు వచ్చినా మిగిలిన రెండు పనులకు అవసరమైన ఆధారం అక్కడి నుంచే లభిస్తుంది.